'కాదు' అంటే చెవి

ఆ పాపను నేను మొదటిసారి చూసింది వాషర్‌మెన్‌పేట్‌లో, ఒక పాత మిద్దె ఇంటి వెనక గదిలో. ఇంటి ముందు భాగమంతా అట్టపెట్టెలు. వాటినిండా లేసులు, రిబ్బన్లు, బొత్తాలు. వాళ్ళ అమ్మానాన్నలకు వీధి చివర హోల్‌సేల్ కొట్టు ఉండేది. ఇద్దరూ పొద్దున వెళ్తే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాళ్ళు. పగలంతా ఇంట్లో ఉండేది పాప, పాప నానమ్మ. వీధిలో అందరూ ఆమెను అవ్వ అనేవాళ్ళు. చివరిదాకా నేనూ అలాగే పిలిచాను.

నేనప్పుడు స్పెషల్ టీచర్ని. బడికి రాలేని పిల్లల ఇళ్ళకు వెళ్ళి చదువు చెప్పడం నా పని. దీనికోసం కేంద్రం నుంచి కొంత, రాష్ట్రం నుంచి కొంత గ్రాంట్ వచ్చేది. మా జీతాలు, పిల్లల చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, బడికి తీసుకొచ్చే ఆటో చార్జీలు, బళ్ళలో కట్టే ర్యాంపులు అన్నీ అందులోంచే. పర్మనెంటు ఉద్యోగం కాదు. ఏడాదికోసారి కొత్తగా సంతకం పెట్టాలి. గ్రాంట్ వస్తే మేమున్నట్టు, రాకపోతే లేనట్టు. మా ఇంట్లో నాన్న దీన్ని "గాలివాటం ఉద్యోగం" అనేవాడు. ఆయన పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. నేను పుట్టి పెరిగింది అక్కడి క్వార్టర్స్‌లోనే. సైరన్ కూతకు లేచి, సైరన్ కూతకు అన్నం తిన్న ఇల్లు మాది. అలాంటి మనిషికి, వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియని ఉద్యోగం వింతగానే తోచి ఉండాలి.

పెరంబూరులో లోకల్ ఎక్కితే వ్యాసర్‌పాడి దాటగానే వాషర్‌మెన్‌పేట్ వచ్చేసేది. భుజానికి ఒక గుడ్డ సంచి. అందులో బొమ్మల కార్డులు, రంగు పూసలు, క్రేయాన్లు, చిన్న అద్దం. స్టేషన్‌లో దిగి గుడ్డల మూటలు మోసేవాళ్ళ మధ్య నుంచి, తోపుడు బళ్ళను తప్పించుకుంటూ నడిచేదాన్ని. ఇప్పుడా దారిలో మెట్రో వచ్చింది, రోడ్డు పోలికే మారిపోయింది. కానీ నాకు మాత్రం ఆ వీధి అంటే కొత్త గుడ్డల గంజి వాసనే గుర్తొస్తుంది.

పాపకు అప్పుడు ఎనిమిదో తొమ్మిదో. చాపమీద, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నన్ను పంపేముందు ఆఫీసులో ఇచ్చిన కార్డులో, పాపకు కాళ్ళలో పట్టు లేదనీ, మాట లేదనీ, చెప్పింది అర్థం చేసుకోలేదనీ రాసి ఉంది. అంతకుముందు ఏదో క్యాంపులో డాక్టర్లు చూసి రాసింది అది. అలా రాస్తే ఆ పిల్లకు ఇంటి దగ్గర చదువే. మాలాంటివాళ్ళు వారానికి రెండుసార్లు వచ్చి పూసలు గుచ్చించి పోవడం. బడి పేరు ఎత్తడానికి లేదు. బడికి పోనివాళ్ళకు కుర్చీ లేదు, ఆటో చార్జీ లేదు.

నేను పక్కన కూర్చుని అలవాటుగా తమిళంలోనే మొదలుపెట్టాను. పేరేమిటని అడిగాను. పలకలేదు. బొమ్మల కార్డు చూపించి పిల్లి ఏది, చెట్టు ఏది అని అడిగాను. గోడకేసి చూస్తూనే ఉంది. కార్డులో రాసింది నిజమేననుకుని సంచి సర్దుకోబోయాను.

వంటింట్లోంచి అవ్వ కేకేసింది. "పాపా, టీచరమ్మ వచ్చుండాది గదా! అట్ట గోడ పక్క తిరుక్కుంటే ఏమనుకుంటాది?"

పాప తల తిప్పింది. మెడ ఒకసారి వణికి, చూపు వచ్చి నామీద నిలిచింది.

"మీరు తెలుగువాళ్ళా అవ్వా?" అన్నాను.

అవ్వ కాఫీ గ్లాసుతో గడప దగ్గర ఆగిపోయింది. "ఆమా. మా తాతల కాలంనించి ఈడనే ఉండాం. నువ్వూ తెలుగామ్మా? మరి ఇంతసేపూ అరవంలో ఏంది మాట్లాడతా ఉండావు?"

నేను పాపవైపు తిరిగి "చెవి ఏదమ్మా?" అని అడిగాను.

ఎడమ చేయి కదిలింది. పిడికిలి బిగుసుకుపోయి ఉంది. అది చాపమీద నుంచి లేచి, దారి తప్పి, మళ్ళీ సర్దుకుని, మెల్లగా వెళ్ళి చెవిని తాకింది. ముక్కు, నోరు, జుట్టు. అన్నీ చూపించింది. పిల్లి ఏది అంటే పిల్లినీ, చెట్టు ఏది అంటే చెట్టునూ.

"మరి క్యాంపులో ఎందుకు చెప్పలేదు?" అని అవ్వను అడిగాను.

"నన్ను లోపలికి రానిస్తేగా! తాడు కట్టి అందర్నీ ఆడ నిలబెట్టేసినారు." ఆమె పాప పక్కన కూలబడి, ఆ నోటి దగ్గర చెవి పెట్టి వింది. పాప మాట మాకు మూలుగులా వినిపించేది. అవ్వకు మాత్రం అది మాటే. విని, నోరు తెరిచి నాకేసి చూసింది. "ఆ డాక్టరు 'కాదు, కాదు' అంటా ఉన్నాడంట. ఏందో తప్పు చేసినాననుకుని గమ్మునుండిందంట."

అరనిమిషం పట్టింది నాకు అర్థం కావడానికి. తమిళంలో 'కాదు' అంటే చెవి. ఆయన 'కాదు ఎంగే?' అని అడిగి ఉంటాడు, చెవి ఎక్కడ అని. ఆ పిల్లకు గడప దాటిన రోజులు తక్కువ. ఇంట్లో మాట తెలుగు, టీవీలో అవ్వ పెట్టే సీరియళ్ళు తెలుగు. తెల్లకోటు వేసుకున్న మనిషి వంగి 'కాదు' అంటే, ఏది కాదో తెలియక ఊరుకుంది. మంచి పిల్ల కాబట్టే ఊరుకుంది.

అవ్వకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. పాప మాత్రం నవ్వింది. ఒళ్ళంతా కదిలేలా నవ్వడం ఆ పిల్లకు అలవాటని తర్వాత తెలిసింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళి మా సూపర్‌వైజరుతో చెప్పాను. ఆవిడ చెడ్డమనిషి కాదు, పని భారంతో అలిసిపోయిన మనిషి. "కార్డు మార్చాలంటే మళ్ళీ డాక్టర్లు చూడాలి. ఈ ఏటి లెక్కలన్నీ పైకి పంపేశాం. వచ్చే క్యాంపుదాకా ఓపిక పట్టు" అంది. ఎవరికి ఎంత గ్రాంట్ అనేది ఆ కార్డు మీదే ఆధారపడి ఉండేది కాబట్టి, నోటి మాటతో మారేది కాదు.

ఓపిక పట్టాం. ఆ నెలలు తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు తేలికవుతుంది. మంగళ, శుక్రవారాలు. అవ్వ కాఫీ. పాపను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, ఎడమ చేతికి లావు క్రేయాను గుడ్డతో కట్టేవాళ్ళం. మొదట తమిళం మాటలు నేర్పాను, ఎందుకంటే బడికి పోతే ఆ భాషే కావాలి. తలకు 'తలై', కంటికి 'కణ్', చేతికి 'కై'. చెవి దగ్గరికి రాగానే ముగ్గురం ఆగిపోయేవాళ్ళం. పాప పొట్ట పట్టుకునేంత నవ్వు. అవ్వ కూడా నేర్చుకునేది పక్కన కూర్చుని. అంగట్లో బేరమాడే అరవం తప్ప ఆమెకూ సరిగ్గా రాదు. "కాదంటే చెవి, చెవంటే కాదు గాదు" అని వల్లె వేస్తూ చిక్కుడుకాయలు తుంచేది. పాప మాటలు నాకూ పట్టుబడ్డాయి. మొదట ఒకటీ రెండూ, తర్వాత వాక్యాలు. నేను బయల్దేరేటప్పుడు "రేపు రా" అనేది. రేపు కాదమ్మా, శుక్రవారం అంటే మొహం తిప్పుకునేది.

మళ్ళీ క్యాంపు వచ్చింది. ఒక స్కూలు షెడ్డులో బల్లలు వేశారు. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని, వీపున మోసుకుని వరసలో నిలబడ్డారు. అవ్వ పాపకు కొత్త గౌను వేసి, రెండు జడలకు కొట్టులోని నీలం రిబ్బన్లు కట్టి తీసుకొచ్చింది. ఈసారి అవ్వను లోపలికి తీసుకెళ్ళాను. డాక్టరు వేరే ఆయన, కుర్రవాడు. తమిళంలో ఏదో అడిగాడు. పాప జవాబు చెప్పబోయింది, గొంతు పట్టేసింది. కొత్తచోటంటే ఆ పిల్ల కండరాలు మరీ బిగుసుకునేవి. అవ్వ వెంటనే అందుకుని "అది చెప్పేది ఏందంటే..." అని మొదలెట్టింది.

ఆయన చేయి అడ్డం పెట్టాడు. పక్కనున్నవాళ్ళే జవాబు చెప్పేస్తే పాపకు ఎంత తెలుసో తనకెలా తెలుస్తుందని నాతో అన్నాడు. అదీ నిజమే. అవ్వను తెర బయట ఉండమన్నాడు, నన్ను నోరు మెదపొద్దన్నాడు. అవ్వ గొణుక్కుంటూ వెళ్ళింది.

ఆయన బల్ల చుట్టూ తిరిగి వచ్చి పాప ముందు గొంతుక్కూర్చున్నాడు. కాలేజీ రోజుల్లో తెలుగు స్నేహితులతో ఒకే గదిలో ఉన్నాడట, కాస్త తెలుగు వచ్చునట. గొంతు సవరించుకుని, "నీకి... ఏమి తినేది... ఇష్టం వస్తుంది?" అన్నాడు.

పాప ఆయన మొహంలోకి చూసింది. మెడ నరాలు బిగిశాయి. ఎడమ చేయి గాల్లో తేలింది. ఒక్కో మాటకూ ఊపిరి పోగుచేసుకుని ఏదో చెప్పింది. ఆయనకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది కానీ పెదవి కొరుక్కున్నాను.

"ఏం చెప్పింది?" అని నన్నడిగాడు. నేను చెప్పాలా వద్దా అని తటపటాయిస్తుంటే తెర బయటి నుంచి అవ్వ గొంతు ఖంగుమంది.

"మీకు తెలుగు రాదంట, డాక్టరయ్యా!"

షెడ్డులో తెలుగు తెలిసినవాళ్ళు ఫక్కున నవ్వారు. ఆయనకు ముందు అర్థం కాలేదు, తర్వాత అర్థమై, బల్ల పట్టుకుని నవ్వాడు. "ఆమా, రాదు" అన్నాడు పాపతో. పాప ఒళ్ళంతా ఊగిపోయింది. ఆ తర్వాత ఆయన చాలాసేపు ఓపిగ్గా బొమ్మలు చూపించి, వేళ్ళు లెక్కపెట్టించి, పాత కార్డు పక్కన పెట్టి కొత్తది రాశాడు. చెప్పింది అర్థం చేసుకోగలదు, బడికి పంపవచ్చు అని. అవ్వ దాన్ని అడిగి తీసుకుని, చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

బడి వాళ్ళ ఇంటికి దూరమేమీ కాదు, రెండు వీధుల అవతల సర్కారు బడి. హెడ్‌మిస్ట్రెస్ భారీ మనిషి, నుదుట పెద్ద కుంకుమ బొట్టు. పిల్లలు ఆవిణ్ణి చూస్తే గోడకు అంటుకుపోయేవాళ్ళు. నేను విషయం చెప్తే, "మూడో తరగతి మేడమీద ఉంది. ఎత్తుకుని ఎవరెక్కిస్తారు? పడితే ఎవరు జవాబు చెప్తారు?" అంది తమిళంలో. ఆవిడ భయం ఆవిడది. కానీ మర్నాడు నేను వెళ్ళేసరికి మూడో తరగతి బల్లలన్నీ కిందికి దిగిపోతున్నాయి. అయిదో తరగతి మగపిల్లలు చీమల్లా మోస్తున్నారు. ఆవిడ నావైపు చూడకుండానే, "గ్రాంట్ వస్తే ర్యాంపు కట్టిద్దాం" అంది.

గ్రాంట్ వచ్చింది. అందులోంచే పాపకు చక్రాల కుర్చీ వచ్చింది. మేస్త్రీ వచ్చాడు. మూడు మెట్లను కప్పేస్తూ సిమెంటుతో ర్యాంపు కట్టాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. అవ్వ వచ్చి చూసి బుగ్గన చేయి పెట్టుకుంది. "ఇదేందమ్మా, కొండెక్కే దోవ మాదిరి ఉండాదే! దీనిమీద బండి ఎట్ట తోసేది?" నిజమే. స్థలం మిగల్చాలని మేస్త్రీ దాన్ని పొట్టిగా, నిట్టనిలువుగా కట్టేశాడు. ఖాళీ కుర్చీని తోస్తేనే వెనక్కి జారి వచ్చేస్తోంది. మేస్త్రీ ఒప్పుకోలేదు. గట్టిగా తోస్తే అదే ఎక్కుతుందన్నాడు.

హెడ్‌మిస్ట్రెస్ అంతా విని, వెళ్ళి ఆ చక్రాల కుర్చీలో కూర్చుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, "తళ్ళుప్పా" అంది. తొయ్యమని. మేస్త్రీ నాకేసి చూశాడు, అవ్వకేసి చూశాడు. తోశాడు. సగం దూరం వెళ్ళేసరికి కాళ్ళు జారుతున్నాయి, మొహం ఎర్రబడింది. కిటికీల దగ్గర బడి పిల్లలంతా చూస్తున్నారు. కుర్చీ వెనక్కి రావడం మొదలుపెట్టింది. నేనూ అవ్వా పరుగెత్తి వీపులు ఆనించి ఆపాం. ఆవిడ కుర్చీలోంచి లేచి, చీర దులుపుకుని, "ఇప్పుడు చెప్పు" అంది. ఆ వారంలోనే ర్యాంపు పగలగొట్టి, ఆవరణ సగానికి పైగా సాగేలా పొడుగ్గా, వాలుగా మళ్ళీ కట్టాడు.

బడికి వెళ్ళిన మొదటి రోజు పాప ఏడ్చింది. అంతమంది పిల్లలు ఒక్కసారి అరిస్తే భయపడింది. అవ్వ గేటు బయట అరుగుమీద సాయంత్రందాకా కూర్చుంది. నేను పోయి ఇంటికి వెళ్ళమంటే, "నేను పోతే దానికి తెలుస్తాది, నువ్వు నీ పని చూసుకో" అంది. వారం తిరిగేసరికి పక్క బెంచీ పిల్ల ఒకతె పాప మాటలు అర్థం చేసుకోవడం మొదలుపెట్టింది. నాకు నెలలు పట్టిన పని ఆ పిల్లకు వారంలో వచ్చేసింది. పిల్లల సంగతి అంతే.

రెండేళ్ళు సాఫీగా గడిచాయి. పొద్దున ఆటో వచ్చేది, సాయంత్రం దింపేది. ఆ చార్జీ గ్రాంట్ లోంచి వచ్చేది. తర్వాతి ఏడాది గ్రాంట్ ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో మా స్థాయివాళ్ళకు తెలిసే దారి లేదు. ఈ నెల వస్తుంది, వచ్చే నెల వస్తుంది అనేవాళ్ళు. జీతాలు లేవు, ఆటో చార్జీలు లేవు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మానేసింది. నాతో చేరినవాళ్ళు ఒక్కొక్కరే వేరే ఉద్యోగాలు చూసుకున్నారు. ఎవర్నీ తప్పు పట్టలేను, అందరికీ ఇళ్ళున్నాయి, పిల్లలున్నారు.

ఒక స్నేహితురాలు మైలాపూరులో ఒక ప్రైవేటు స్పెషల్ స్కూల్లో చేరి నన్నూ రమ్మంది. వెళ్ళి చూశాను. వేపచెట్ల నీడ, నున్నటి గచ్చు, ఒక్కో పిల్లకు ఒక్కో టీచరు. నాకు నచ్చింది. నచ్చలేదని ఎందుకు అబద్ధం చెప్పాలి? ఒకరోజు గడువు అడిగి ఇంటికొచ్చాను. నాన్న వరండాలో కూర్చుని రేడియో బాగుచేస్తున్నాడు. ఆయన చేతికి ఎప్పుడూ ఏదో ఒక మరమ్మతు ఉండాల్సిందే.

"జీతం ఎప్పుడొస్తుందో తెలీదా?" అన్నాడు.

"తెలీదు నాన్నా."

"పని ఉందా?"

"పని ఉంది."

"అయితే ఆ పిల్లల దగ్గరికే పో. అన్నం ఇంట్లో ఉంది." అని స్క్రూడ్రైవరు కోసం చుట్టూ చూసుకున్నాడు.

అలాంటి మాట అంత తేలిగ్గా ఎవరికి దొరుకుతుంది? నాకు పెళ్ళి కాలేదు, పెన్షనున్న తండ్రి ఉన్నాడు, అందుకే ఆగగలిగాను. దాన్ని త్యాగమని ఎవరైనా అంటే నాకు సిగ్గుగా ఉంటుంది.

అవ్వ మాత్రం ఆటో లేదని ఒక్కరోజు కూడా బడి మానిపించలేదు. ఆమే బండి తోసుకుంటూ బయల్దేరింది. చక్రాల కుర్చీని ఆమె బండి అనే అనేది. అది రెండు వీధుల దూరమే. కానీ వాషర్‌మెన్‌పేట్‌లో రెండు వీధులంటే పొద్దున్నే దిగే గుడ్డల మూటలు, అడ్డం నిలిపిన స్కూటర్లు, కూరగాయల బుట్టలు, ఆవులు. అవ్వ చీర కొంగు నడుముకు దోపి, "వళి విడుప్పా, వళి!" అని దారిమ్మని అరుచుకుంటూ నడిచేది. ఆ గొంతుకు తోపుడు బళ్ళవాళ్ళు కూడా పక్కకు తొలిగేవాళ్ళు. కొన్నిరోజులు స్టేషన్ నుంచి తొందరగా వచ్చి నేనూ ఒక చేయి వేసేదాన్ని.

వానాకాలం ఒకరోజు వీధి మధ్యలో నీళ్ళు నిలిచిపోయాయి. ముందు చక్రం గుంతలో పడింది. అవ్వ లాగుతోంది, నేను తోస్తున్నాను, కదలదు. మూటలు దించుతున్న నలుగురు కూలీలు వచ్చి, ఒక్క మాట అడక్కుండా కుర్చీని పాపతో సహా భుజాలెత్తు లేపి, నీళ్ళలో నడిచి, బడి గేటు దాకా మోసుకుపోయారు. పాప పైనుంచి వీధంతా చూసింది. ఆ రోజు మొహం నాకు బాగా గుర్తుంది. ఊరేగింపులో అమ్మవారిలా ఉందని అవ్వ సాయంత్రందాకా చెప్పుకుంది.

ఆటోలో వెళ్ళినన్నాళ్ళు ఆ పిల్లను వీధిలో ఎవరూ చూడలేదు. ఇప్పుడు అందరూ చూశారు. పూలమ్మే ఆవిడ పొద్దున ఆపి జడలో మూర మల్లెలు పెట్టేది. నన్నారి సోడా అమ్మే ఆయన పరీక్ష ఎలా రాశావని అడిగేవాడు. లేసుల కొట్టాయన కూతురని అప్పటిదాకా తెలియని వాళ్ళకు కూడా తెలిసింది. పాప వాళ్ళ అమ్మ ఒకరోజు కొట్టు వదిలి, తనే బండి తోస్తూ వచ్చింది. వీధిలో తలెత్తుకుని నడిచింది. అంతకుముందు ఆ అమ్మ పిల్లను వీధిలోకి ఎందుకు తేలేదో నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

కొన్ని నెలలకు గ్రాంట్ మళ్ళీ వచ్చింది. ఆగిన జీతాలు ఒక్కసారే పడ్డాయి. నాన్నకు కొత్త చెప్పులు కొన్నాను. గుమ్మం ముందు ఆటో వచ్చి ఆగితే పాప ఎక్కనని మొరాయించింది. "బండిలోనే పోదాం" అని పట్టు.

"నా మోకాళ్ళు ఏం చెప్తా ఉండాయో వినవా నువ్వు?" అని అవ్వ కసిరింది. చివరికి పోయేటప్పుడు ఆటో, వచ్చేటప్పుడు బండి అని ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. సాయంత్రం నేను స్టేషన్‌కు నడిచేటప్పుడు వాళ్ళు ముందు పోతూ కనిపించేవాళ్ళు. ప్రతి కొట్టు దగ్గరా ఆగేవాళ్ళు. అవ్వ మాట్లాడేది కొంత, పాప మాట్లాడేది కొంత. ఎండ వాలి, వీధి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే, నా రైలు ఒకటి పోయినా ఫరవాలేదని మెల్లగా వాళ్ళ వెనకే నడిచేదాన్ని.

పాప పదో తరగతి పరీక్ష రాసింది. తను చెప్తుంటే పక్కన కూర్చుని రాసే మనిషిని ఇచ్చారు. పాసైంది. పన్నెండు పాసైంది. తర్వాత ఇంటి నుంచే డిగ్రీ చదివింది. డిగ్రీ చివరి ఏడాదిలో అవ్వ పోయింది. జబ్బు ఎక్కువ రోజులు లేదు. నేను వెళ్ళేసరికి పాప చాప పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఏడవలేదు. నా చేయి పట్టుకుని, "మాట్లాడు టీచరమ్మా" అంది. ఏం మాట్లాడాలో తెలియక, మామూలుగా రైలు ఆలస్యమైందనీ, వ్యాసర్‌పాడిలో చాలాసేపు ఆగిపోయిందనీ చెప్పాను. వింటూ కూర్చుంది. ఆ ఇంట్లో ఇక తెలుగు మాట్లాడేవాళ్ళు లేరని అప్పుడు నాకు తట్టలేదు. అమ్మానాన్నలు పాప బడికి పోవడం మొదలైనప్పుడే, తమిళం బాగా రావాలని ఆ భాషలోకి మారిపోయారు. ఆ సలహా ఇచ్చింది నేనే.

ఇప్పుడు పాప పెద్దదయింది. కొట్టుకు ఫోన్‌లో వచ్చే ఆర్డర్లన్నీ ఎడమ బొటనవేలితో తనే చూస్తుంది. నేను ఇళ్ళకు తిరగడం తగ్గించి, కొత్తగా చేరే టీచర్లకు పాఠాలు చెప్తున్నాను. వాళ్ళదీ ఏడాదికోసారి సంతకం పెట్టే ఉద్యోగమే. మొదటి రోజే వాళ్ళకు చెప్తాను, పిల్లను ఏదైనా అడిగేముందు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో కనుక్కోండి అని. నవ్వి రాసుకుంటారు.

కిందటి నెల పాప ఒక సర్కారు ఉద్యోగానికి పరీక్ష రాసింది. పరీక్ష మైలాపూరులో. తోడు రమ్మంటే వెళ్ళాను. మెట్రోలో కొంత దూరం, ఆటోలో కొంత దూరం. తను లోపల రాస్తుంటే నేను బయట వేపచెట్టు కింద కూర్చుని టీ తాగాను. బయటికొచ్చి, ప్రశ్నలు కష్టంగానే ఉన్నాయనీ, లెక్కలు బాగా చేశాననీ, ఫలితం వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దనీ అంది. గేటు దగ్గర ఆటో డ్రైవరు ఎక్కువ అడిగాడు. పాప గడగడా తమిళంలో వాడితో బేరమాడింది. మాట ఇప్పటికీ మెల్లగానే వస్తుంది, కానీ వాడు చివరిదాకా ఆగి వినక తప్పలేదు. ఒప్పుకున్నాడు. కుర్చీ మడిచి వెనక పెడుతుంటే పాప నావైపు తిరిగింది.

"పోదాం రా టీచరమ్మా. ఆకలైతా ఉండాది. ఈడ యాడన్నా తిందామా, ఇంటికే పోదామా?"

వాషర్‌మెన్‌పేట్ వీధుల్లో ఆ వయసువాళ్ళెవరూ అలా తెలుగు మాట్లాడరు. అచ్చం అవ్వ మాట, అవ్వ సాగదీత. ఇక్కడే తిందామన్నాను. పక్క వీధిలో చిన్న హోటలు ఉంది. గుమ్మానికి ఒకే ఒక్క మెట్టు. డ్రైవరూ నేనూ చెరోవైపు పట్టుకుని కుర్చీ ఎక్కించాం. పాప రెండు ప్లేట్ల పొంగలి చెప్పింది.